వేప చేదు ఎక్కడిది? వేప జన్యుక్రమం గురించి ఒక బాటనీ విద్యార్థికి జవాబు

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. వేప జన్యుక్రమం, అంటే దాని డీఎన్‌ఏలోని మొత్తం రాత, 2012లోనే తేల్చేశారని క్లాసులో చెప్పారు, దానివల్ల ఒరిగిందేమిటి? వేపకి అంత చేదు, అన్ని మందు గుణాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? 2021 చివర్లో మీ ఊళ్ళో వేపలన్నీ కొసల నుంచి మాడిపోతూ వస్తే ఆ జన్యుక్రమం ఎందుకు ఆదుకోలేదు? నేను పాతికేళ్ళకు పైగా చెట్ల డీఎన్‌ఏతోనే పనిచేశాను. అందులో వేప వాటా పెద్దది. మూడింటికీ జవాబు చెబుతాను, కానీ మీరు అడిగిన వరుసలో కాదు. చేదు సంగతి ముందు తేలితే తక్కిన రెండూ సులువుగా అర్థమవుతాయి.

ముందు ఒక పని చేయండి. ఎండాకాలం చివర, తొలకరి పడే రోజుల్లో బాగా పండిన వేపపండు ఒకటి ఏరుకుని నోట్లో వేసుకోండి. పసుపు తోలు చిట్లగానే జిగురు జిగురుగా గుజ్జు వస్తుంది, తియ్యగా ఉంటుంది. కాకులు, గోరింకలు, గబ్బిలాలు వాలేది దానికోసమే. ఇప్పుడు గింజ ఊసేసి, పెంకు పగలగొట్టి, లోపలి పప్పును నాలిక కొసకి తాకించండి. మింగొద్దు. ఆ చేదు ఆకు చేదులాంటిది కాదు, గొంతు దాకా పాకి చాలాసేపు వదలదు. తీపికీ చేదుకీ మధ్య ఉన్నది ఒక పలుచని పెంకు మాత్రమే. గుజ్జు తిని గింజను దూరంగా పడేసే పిట్ట చెట్టుకి కావాలి, పప్పు తినేసే పురుగు వద్దు. ఈ ఏర్పాటు ఎలా కుదిరిందో తెలుసుకోవడానికే మేం జన్యుక్రమం దాకా వెళ్ళాం.

గుజ్జులోని కణంలోనూ పప్పులోని కణంలోనూ ఆకులోనూ ఉన్న జన్యువులు దాదాపు ఒకే జాబితా. ఉగాది పచ్చడిలో వేసుకునే పువ్వుకీ, పళ్ళు తోముకునే పుల్లకీ జాబితా అదే. ఎక్కడ ఏ జన్యువు మేలుకుని ఉంది, ఏది నిద్రపోతోంది అన్నదే తేడా. అందుకే 2012లో బెంగళూరులోని గణిత్ ల్యాబ్స్ శాస్త్రవేత్తలు, నీరజ కృష్ణన్, బినయ్ పండా బృందం, వేప జన్యుక్రమం ముసాయిదాను ప్రచురించినప్పుడు డీఎన్‌ఏతో ఆగలేదు. వేరు, కాండం, ఆకు, పువ్వు విడివిడిగా తీసుకుని వాటిలో ఆ సమయానికి పనిచేస్తున్న జన్యువుల జాబితాలు కూడా తయారుచేశారు. నా ఉద్దేశంలో ఆ వ్యాసంలో జన్యుక్రమం ఎంత విలువైనదో ఈ నాలుగు జాబితాలూ అంతే విలువైనవి. జన్యుక్రమం ఒక్కటే ఉంటే అది ఊళ్ళో ఇళ్ళ లెక్క. ఏ ఇంట్లో పొయ్యి వెలుగుతోందో అది చెప్పదు.

ఆ లెక్క ఎలా తీస్తారో మీ పుస్తకాల్లో ఉంటుంది. ఉండనిది ఒకటి చెబుతాను. వేపాకు నుంచి శుభ్రమైన డీఎన్‌ఏ తీయడం చాలా ఓపిక కావాల్సిన పని. నేను మొదటిసారి చేసినప్పుడు ముదురాకు తీసుకున్నాను. ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి, కల్వంలో నూరి, కణాలను విప్పే సీటాబ్ అనే సబ్బులాంటి ద్రావణంలో వేసి వేడి చేసేసరికి గొట్టంలో ఉన్నదంతా టీ డికాషన్ రంగుకి తిరిగింది. ఆల్కహాల్ పోస్తే తెల్లటి పోగు తేలాలి, నాకు తేలింది గోధుమరంగు బంక. ఆకులోని ఫినాల్ పదార్థాలు గాలి తగలగానే ముదిరి డీఎన్‌ఏని పట్టుకుని వదలవు. మూడు వారాలు అలాగే పోయాయి. చివరికి ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చే రాగిరంగు చిగుళ్ళు, ఇంకా పూర్తిగా విప్పారనివి, తెల్లారకముందే కోసుకొచ్చి, ద్రావణంలో ఆ ఫినాల్ పదార్థాలను అడ్డుకునే పీవీపీ పొడి, కొంచెం మెర్కాప్టోఇథనాల్ కలిపితే అప్పుడు తేలింది. గాజు కడ్డీకి చుట్టుకున్న ఆ తెల్లటి పోగు ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. ఏ చెట్టు జన్యుక్రమ వ్యాసమైనా మొదలయ్యేది ఈ గొట్టంలోనే. ఇక్కడ పోగు ముక్కలైపోతే తర్వాత ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా ఫలితం ముక్కలుగానే వస్తుంది.

ఇప్పుడు అంకెలు. బెంగళూరు బృందం వేప జన్యుక్రమం పరిమాణాన్ని సుమారు 36 కోట్ల అక్షరాలని (డీఎన్‌ఏలోని ఒక్కో బేస్ ఒక్కో అక్షరం) అంచనా వేసింది, జన్యువులు 20 వేల దగ్గర. పోలికకి, వరి జన్యుక్రమం 39 కోట్ల అక్షరాలు, మనిషిది 300 కోట్లు, గోధుమది 1,600 కోట్లకు పైమాటే. అంటే వేపది చిన్న పుస్తకం. చేదుకీ మందు గుణాలకీ పుస్తకం లావుతో సంబంధం లేదని ఇక్కడే తెలిసిపోతుంది. 2016లో అదే బృందం పొడవైన ముక్కలు చదవగలిగే యంత్రంతో మరింత మెరుగైన కూర్పు, అంటే చదివిన ముక్కలను అతికించి కట్టిన జన్యుక్రమం, ప్రచురించింది. ఈలోగా 2015లో బెంగళూరులోనే మరో బృందం తమ కూర్పును, వేపలోని రసాయనాల కొలతలతో కలిపి విడుదల చేసింది. 2022లో చైనా శాస్త్రవేత్తలు క్రోమోజోముల స్థాయి కూర్పు ఇచ్చారు. అందులో సుమారు 28 కోట్ల అక్షరాలు, 14 క్రోమోజోములు, 25 వేలకు పైగా జన్యువులు. వేప కణంలో 28 క్రోమోజోములు, అంటే 14 జతలు ఉంటాయని సూక్ష్మదర్శినితో చూసినవాళ్ళు ఎప్పుడో చెప్పారు. కూర్పు సరిగ్గా 14 కట్టలుగా రావడం చూసి నాకు చాలా ఊరట కలిగింది.

మీరు ఇక్కడ ఆగి అడగాలి: 2012లో 20 వేల జన్యువులు, 2022లో 25 వేలు, ఏది నిజం? రెండూ అప్పటికి చేతనైనంత నిజాలు. పాత యంత్రాలు వంద, నూటయాభై అక్షరాల చిన్న ముక్కలు చదివేవి. ఒక పుస్తకాన్ని చీల్చి, ఒక్కో చీలికపై రెండు మాటలే ఉంటే, మళ్ళీ అతికించేటప్పుడు ఒకే వాక్యం పదిచోట్ల ఉన్న పేజీలన్నీ ఒకటిగా కలిసిపోతాయి. అందుకే మొదటి కూర్పులో పునరావృత భాగాలు తక్కువగా కనబడ్డాయి, వేప డీఎన్‌ఏలో ఇలాంటివి తక్కువని రాశారు కూడా. పొడవైన ముక్కలతో చేసిన 2022 కూర్పులో అవి 11 కోట్ల 50 లక్షల అక్షరాల దాకా లెక్కతేలాయి, మొత్తంలో ఐదింట రెండు వంతులు. విద్యార్థులకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే. జన్యుక్రమం గురించిన వాక్యం ఏది చదివినా, అది ఏ సంవత్సరపు కూర్పు మీద ఆధారపడిందో ముందు చూడండి. పరీక్షలో ఒకటే అంకె రాయమంటే రాయండి, పరిశోధనలో మాత్రం ఏడాది లేని అంకెని నమ్మకండి.

ఇక పరిణామం సంగతి. మొక్కల చరిత్రలో అప్పుడప్పుడూ ఒక విచిత్రం జరుగుతుంది, జన్యుక్రమం మొత్తం రెట్టింపో మూడింతలో అవుతుంది. పువ్వులు పూసే మొక్కల్లో ద్విదళ బీజాల పెద్ద శాఖకి పూర్వీకురాలైన ఒక మొక్కలో, సుమారు 12 కోట్ల ఏళ్ళ కిందట, ఇలా మూడింతలైంది. దాన్ని గామా సంఘటన అంటాం. ఆ తర్వాత చాలా మొక్కల్లో మరోసారి రెట్టింపు జరిగింది. మామిడిలో ఆ ఆనవాళ్ళు స్పష్టంగా ఉన్నాయి. వేపలో లేవు. గామా తర్వాత వేప ఒక్కసారి కూడా జన్యుక్రమాన్నంతా రెట్టింపు చేసుకోలేదని 2022 విశ్లేషణ చెబుతోంది. నారింజ జాతిదీ అదే దారి.

నేను ఇది చదివినప్పుడు నిజంగా ఆశ్చర్యపోయాను. వందకు పైగా రకాల చేదు పదార్థాలు తయారుచేసే చెట్టుకి ఎప్పుడో ఒకప్పుడు పెద్ద ఎత్తున జన్యువుల పెట్టుబడి వచ్చి ఉంటుందని మేమంతా అనుకున్నాం. అలాంటిదేమీ లేదు. వేప చేసింది చిన్న సంసారాల్లో జరిగే పని. ఉన్న గిన్నెకి అచ్చు ఇంకొకటి పోయించుకుని, ఒకటి పాత పనికి ఉంచి, రెండోదాన్ని కొంచెం కొంచెం వంచి కొత్త పనికి వాడుకోవడం. చెట్టు మొత్తం రెట్టింపు కాలేదు, కొన్ని జన్యువులు మాత్రం తమ పక్కనే తమ నకళ్ళు పెట్టుకున్నాయి. 2022 కూర్పులో టెర్పీన్లు (వేప చేదు పదార్థాలు చేరే రసాయనాల కుటుంబం) తయారుచేసే ఎంజైముల జన్యువులు పెరిగిన తీరు దీనికి సాక్ష్యం. అవి క్రోమోజోము మీద గుంపులుగా, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఒకే వీధిలో అన్నదమ్ములు వేరుపడి ఇళ్ళు కట్టుకున్నట్టు.

ఆ పాత గిన్నె ఏమిటో చూద్దాం, ఇది ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

ప్రతి మొక్క కణానికీ పొర నిలవడానికి స్టెరాల్స్ కావాలి. జంతువుల్లో కొలెస్ట్రాల్ చేసే పని మొక్కల్లో వాటి సొంత స్టెరాల్స్ చేస్తాయి. ఇది ఇంటి ఖర్చు, ఇది లేకపోతే మొక్క బతకదు. ఆక్సిడోస్క్వాలిన్ అనే 30 కార్బన్ల పొడవాటి గొలుసును మడిచి, ఉంగరాలుగా మూసే ఎంజైమ్ ఒకటి ఈ పనికి మొదటి మెట్టు. వేపలో ఆ ఎంజైము జన్యువుకి చుట్టాలైన మరికొన్ని జన్యువులున్నాయి. వాటిలో ఒకటి అదే గొలుసును కొంచెం వేరేగా మడుస్తుంది. అలా మడిచినప్పుడు పొరకి పనికొచ్చే స్టెరాల్ రాదు, తిరుకల్లా వర్గపు ట్రైటెర్పీన్ వస్తుంది. అక్కణ్ణుంచి సైటోక్రోమ్ పీ450 ఎంజైములు ఒకదాని తర్వాత ఒకటి దానిమీద పడి ఆక్సిజన్ తగిలిస్తాయి. మధ్యలో నాలుగు కార్బన్లు తెగిపోతాయి, 26 కార్బన్ల ఎముకల గూడు మిగులుతుంది, ఒక చివర ఫ్యూరాన్ ఉంగరం ఏర్పడుతుంది. వీటికి లిమనాయిడ్లు అని పేరు. వేప చేదులో, మందులో, పురుగును తరిమే గుణంలో ముఖ్యమైన భాగమంతా వీటిదే. నింబిన్, నింబోలైడ్, అజాడిరాక్టిన్ అన్నీ ఈ ఇంటి పిల్లలే.

లిమనాయిడ్ అన్న పేరులోనే ఉంది సంగతి. నిమ్మలో మొదట దొరికిన లిమనిన్ నుంచి వచ్చింది ఆ పేరు. మీరు బత్తాయి రసం బండి దగ్గర గమనించే ఉంటారు, తీసిన వెంటనే తియ్యగా ఉన్న రసం, గ్లాసు పక్కన పెట్టి కబుర్లలో పడితే కాసేపటికి చేదెక్కుతుంది. అందుకే బండివాడు ‘వెంటనే తాగేయండి సార్’ అంటాడు. గింజలు నలిగితే ఇంకా త్వరగా చేదెక్కుతుంది. కాయలో ఉన్నంతసేపూ చేదులేని రూపంలో దాగి ఉన్న పదార్థం, రసం తీయగానే పులుపు తగిలి లిమనిన్‌గా మారిపోతుంది. బత్తాయి గ్లాసులో వచ్చే ఆ చేదూ, వేపగింజ పప్పులోని చేదూ ఒకే కుటుంబంవి. వేపది మీలియేసీ కుటుంబం, బత్తాయిది రూటేసీ. రెండూ సాపిండేల్స్ అనే క్రమంలో (దగ్గరి కుటుంబాలన్నీ చేరిన పెద్ద గుంపు) పక్కపక్క కొమ్మలు. 2012 వ్యాసంలో అప్పటికి జన్యుక్రమం తెలిసిన మొక్కలన్నిటితో పోల్చి చూస్తే వేపకి అన్నిటికన్నా దగ్గరగా నిలిచింది నారింజే.

ఇంకో మాట. కరివేపాకు రూటేసీలోదే. మన పూర్వీకులు దాన్ని ‘కరివేప’ అన్నది ఆకుల పోలిక చూసి. ఈనెకి రెండు వైపులా వరుసగా తీరిన చిట్టి ఆకులు చూసి పెట్టిన పేరు, వర్గీకరణలో కూడా మరీ దూరం పోలేదు, అదే క్రమం. కుంకుడు, మామిడి కూడా ఈ సాపిండేల్స్‌లోనివే. మన పెరటి చుట్టరికాలు ఇవన్నీ.

ఈ దారిని ప్రయోగశాలలో తేల్చిన తీరు చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 2019లో ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో ఉన్న జాన్ ఇన్నెస్ సెంటర్ బృందం వేప, దానికి దగ్గరి చుట్టమైన తురకవేప, నారింజ మూడింటిలోనూ మొదటి మెట్టు ఎంజైమును పట్టుకుంది. తర్వాతి రెండు ఎంజైములను కూడా కలిపి మెలియనాల్ అనే పదార్థం దాకా వచ్చారు. ఎలా పట్టుకున్నారంటే, అనుమానం ఉన్న జన్యువును ఒక బ్యాక్టీరియాలో ఎక్కించి, పొగాకు జాతికి చెందిన నికోటియానా బెంతామియానా ఆకులోకి సూదిలేని సిరంజితో నెట్టారు. కొన్ని రోజులయ్యాక ఆ ఆకు కోసి, అందులో కొత్తగా ఏ పదార్థం పుట్టిందో చూశారు. పొగాకు చుట్టం ఆకులో వేప చేదు మొదటి మెట్లు తయారయ్యాయి. 2023లో అదే సంస్థ, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి 22 ఎంజైములను తేల్చాయి. నారింజ వైపు ఒక పూర్తి లిమనాయిడ్ దాకా, తురకవేప వైపు అజాడిరోన్ దాకా దారి తెలిసింది. వాటిలో నన్ను కదిలించినవి రెండు మూడు ఎంజైములు. అవి స్టెరాల్ ఐసోమరేజ్ జాతివి, మామూలుగా కణం పొరకి కావాల్సిన స్టెరాల్స్‌లో ఒక బంధాన్ని సర్దే పని వాటిది. వాటి నకళ్ళు ఇక్కడ లిమనాయిడ్ ఎముకల గూడునే తిరగమార్చే పనికి కుదిరాయి. ఇంటి పనిలో ఉన్న పాత గిన్నె అన్నది దీన్ని చూసే.

నారింజలోనూ తురకవేపలోనూ మొదటి మెట్లు ఒకటే కావడం వల్ల, ఈ చేదు దారి రెండు కుటుంబాలూ విడిపోకముందే, వాళ్ళ ఉమ్మడి పూర్వీకురాల్లోనే మొదలైందని అర్థమవుతుంది. తర్వాత వేప వైపు కొమ్మ దాన్ని ఇంకా చాలా దూరం తీసుకుపోయింది. అజాడిరాక్టిన్ అణువు ఎంత చిక్కుముడి అంటే, 1968లో బటర్‌వర్త్, మోర్గాన్ దాన్ని వేరు చేశాక నిర్మాణం సరిగ్గా తేలడానికి 1985 దాకా పట్టింది. ప్రయోగశాలలో మొదటిసారి తయారుచేయడం 2007లో, కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందం చేతిలో జరిగింది. 22 ఏళ్ళ శ్రమ, 71 అంచెలు. వేపచెట్టు దాన్ని రోడ్డు పక్కన, నీళ్ళు పోసేవాళ్ళు లేకుండా, ఏటా టన్నులకొద్దీ గింజల్లో చేస్తుంది. అజాడిరాక్టిన్‌కి తీసుకుపోయే చివరి మెట్లన్నిటినీ 2023 నాటికి ఎవరూ పూర్తిగా తేల్చలేదు. పీహెచ్‌డీకి మంచి ప్రశ్న కావాలంటే ఇదిగో.

తురకవేప పేరు వచ్చింది కాబట్టి చిన్న వివరం. లిన్నేయస్ 1753లో వేపనీ తురకవేపనీ మీలియా అనే ఒకే ప్రజాతిలో పెట్టాడు. 1830లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త ఆడ్రియన్ ద జుసియూ వేపను విడదీసి అజాడిరాక్టా అనే కొత్త ప్రజాతి కట్టాడు. ఆ మాట పర్షియన్‌లో ఆజాద్ దిరఖ్త్, స్వేచ్ఛా వృక్షం. రెండు చెట్లకీ క్రోమోజోములు 28. ఒకే ఇంటివా, వేరు కాపురమా అని పువ్వునీ కాయనీ చూసి పెట్టిన తగువును ఇప్పుడు డీఎన్‌ఏ ముందుపెట్టి మాట్లాడుకోగలుగుతున్నాం. వేరు కాపురమే, కానీ గోడ పలుచన.

మీ మొదటి ప్రశ్నకి ఇప్పుడు రండి. జన్యుక్రమం వల్ల ఒరిగిందేమిటి? నేరుగా మాట్లాడితే, 2012 తర్వాత వేపనుంచి కొత్త మందేదీ జన్యుక్రమం పుణ్యాన దుకాణంలోకి రాలేదు. వస్తుందని ఆశపెట్టి పత్రికల్లో రాసినవాళ్ళు విద్యార్థులకి అన్యాయం చేశారు. కానీ పైన చెప్పిన చేదు దారి ఒక్క మెట్టు కూడా జన్యువుల జాబితా లేకుండా దొరికేది కాదు. ఏ జన్యువు పప్పులో, పువ్వులో మేలుకుంటుందో తెలిస్తేనే వేలల్లోంచి పదో పాతికో అనుమానితులు మిగులుతారు. పాతికని పరీక్షించవచ్చు, పాతిక వేలని పరీక్షించలేం. ఆ ఎంజైములు చేతికొస్తే రేపు ఈస్టులోనో పొగాకు ఆకులోనో అజాడిరాక్టిన్ చేయించవచ్చు. అప్పటిదాకా చెట్టే మన కర్మాగారం.

మందు గుణాల గురించి కూడా ఒక హెచ్చరిక చేయాలి, ఎందుకంటే ఈ మధ్య ‘జన్యుక్రమంలో రుజువైంది’ అంటూ వేప మాత్రల ప్రకటనలు చూస్తున్నాను. జన్యుక్రమం ఏ వైద్యాన్నీ రుజువు చేయదు. చెట్టు ఏ పదార్థాలు చేయగలదో చూపిస్తుంది, అంతే. నింబోలైడ్ గాజు పళ్ళెంలో కాన్సర్ కణాలను ఆపిందన్న వ్యాసాలు చాలా ఉన్నాయి, అక్కణ్ణుంచి మనిషి ఒంట్లోకి చాలా దూరం ఉంది. పసిపిల్లలకి వేపనూనె తాగిస్తే ప్రాణం మీదికి వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరైనా ఆ పని చేయబోతే దయచేసి ఆపండి.

పొలంలో మాత్రం వేప మాట నిలబెట్టుకుంది. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్, ఆయన సహచరులు వేపగింజల కషాయం చల్లిన పైరును మిడతలు ముట్టుకోలేదని చూపించారు. మిడత ఆకలితో చస్తుంది తప్ప తినదు. అజాడిరాక్టిన్ పురుగు నోటి దగ్గరే రుచి తెలిసే కణాలను తాకి వద్దనిపిస్తుంది, తిన్న పురుగులో కుబుసం విడిచే హార్మోన్ల లెక్క తప్పిస్తుంది. మన రైతులు చేసే 5 శాతం కషాయం, అంటే ఐదు కిలోల పప్పు పొడిని గుడ్డలో కట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, వంద లీటర్లకి కలిపి, కాస్త సబ్బు వేసి సాయంత్రం పూట కొట్టడం, ఈ రసాయన శాస్త్రంతో అచ్చంగా సరిపోతుంది. సాయంత్రమే ఎందుకంటే ఎండకి అజాడిరాక్టిన్ విరిగిపోతుంది. ఇలాంటి వాడుక మీదే అమెరికా ప్రభుత్వ వ్యవసాయ శాఖా, ఒక పెద్ద రసాయనాల కంపెనీ కలిసి శిలీంధ్రనాశినిగా వేపనూనెకి ఐరోపాలో 1994లో పేటెంటు తెచ్చుకున్నాయి. 2000లో అది రద్దయింది, 2005లో అప్పీలూ ఓడిపోయింది. 2012 జన్యుక్రమం అలా కాకుండా అందరికీ తెరిచి ఉండటం నాకు గొప్ప సంతృప్తి. జన్యు సమాచారాన్ని దాచిపెట్టే అమెరికా సంస్థ ఎన్‌సీబీఐ వెబ్‌సైటు నుంచి మీరు మీ హాస్టల్ గదిలో కూర్చుని దాన్ని దింపుకోవచ్చు. పైసా కట్టక్కర్లేదు.

ఇక మీ మూడో ప్రశ్న. అది బాధతో అడిగారని తెలుస్తోంది. ఆ శీతాకాలం నేనూ చూశాను. మా ఊరి బడి ముందున్న పెద్ద వేప, నేను దాని నీడలో ఎక్కాలు చదివినది, పైనుంచి నిప్పంటించినట్టు మాడుతూ దిగింది. రెమ్మ కొస విరిచి చూస్తే లోపల బెరడు కింద గోధుమరంగు చార, ఇంకో జానెడు కిందకి పచ్చదనం. తెలంగాణలో, ఆంధ్రలో ఊరూరా అదే దృశ్యం. ప్రధాన కారణం ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం. కొత్తదేమీ కాదు, 1990ల నుంచి దేశంలో నమోదై ఉంది. దానికి తోడు తేయాకు దోమ అనే పురుగు లేత రెమ్మల రసం పీల్చి గాట్లు పెడితే శిలీంధ్రానికి దారి సులువవుతుంది. తడి రోజులు ఎక్కువైన ఏడాది రెండూ చెలరేగుతాయి. చాలా చెట్లు మళ్ళీ చిగిర్చాయి, మా బడి చెట్టు కూడా ఫిబ్రవరిలో కాండం మీదనుంచే రాగిరంగు గుత్తులు వేసింది. కొన్ని తిరిగి లేవలేదు.

పురుగులను తరిమే చెట్టుకి పురుగు ఎలా పట్టింది, శిలీంధ్రాన్ని ఆపే నూనె ఉన్న చెట్టుకి శిలీంధ్రం ఎలా పట్టింది అని మీరు అడిగారు. పరిణామం చెప్పే జవాబు ఇది. చెట్టు తయారుచేసిన ప్రతి విషానికీ, ఆ విషంతోనే బతకడం నేర్చుకున్న జీవి ఒకటి ఎక్కడో ఉంటుంది. వేప మీదే బతికే శిలీంధ్రం వేప చేదుకి అలవాటుపడిందే అయి ఉంటుంది. పైగా చేదు గింజలో ఉన్నంత లేత రెమ్మలో ఉండదు.

జన్యుక్రమం ఆదుకోకపోవడానికి అసలు కారణం వేరు. మనం చదివినవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన కొన్ని చెట్లను. వేప ఎక్కువగా పరపరాగ సంపర్కంతో, పురుగుల సాయంతో కాయలు కాసే చెట్టు. తియ్యని వాసన వేసే ఆ తెల్లటి పువ్వుల్లో కొన్ని మగవి, కొన్ని ద్విలింగాలు. ఏ గింజా తల్లికి అచ్చు నకలు కాదు. కర్నూలు మెట్టలో పెరిగిన వేపకీ, రాజస్థాన్ ఇసుకలో పెరిగిన వేపకీ, మయన్మార్ పొడి అడవుల వేపకీ మధ్య ఎన్ని అక్షరాలు మారాయో తెలియకుండా, ఏ అక్షరం రోగానికి ఎదురు నిలబడింది అన్నది చెప్పలేం. ఆ శీతాకాలం ప్రతి ఊళ్ళోనూ మాడిన చెట్ల మధ్య పచ్చగా నిలిచినవి ఒకటో రెండో ఉన్నాయి. మాడినవి ఒక వంద, మాడనివి ఒక వంద, వాటి డీఎన్‌ఏలను 2022 కూర్పు పక్కన పెట్టి పోల్చితే తేడా ఎక్కడుందో తెలిసే అవకాశం ఉంది. కందికి ఇలాంటి పని పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లోనే జరిగింది. ముందు ఒక రకం జన్యుక్రమం, ఆ తర్వాత వందల రకాల పోలిక. కంది పంట కాబట్టి డబ్బు వచ్చింది. వేప వీధి చెట్టు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం కూడా, అయినా వేప మీద ఆ పని కోసం అడిగేవాళ్ళు తక్కువ. నాకు ఈ విషయంలో పట్టుదల ఉంది, అందుకే మీలాంటి విద్యార్థులు అడిగినప్పుడు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీరు ఇప్పుడే చేయగలిగినవి చెప్పి ముగిస్తాను. ఒకటి కంప్యూటర్ పని. ఎన్‌సీబీఐలో నారింజ లిమనాయిడ్ మొదటి మెట్టు ఎంజైము, ఆక్సిడోస్క్వాలిన్ సైక్లేజ్ ప్రోటీన్ వరుస తీసుకుని, వరుసల పోలికలు వెతికిపెట్టే బ్లాస్ట్ అనే ప్రోగ్రాంలో వేప కూర్పు మీద వెతకండి. దగ్గరి పోలికలు కొన్ని వస్తాయి. వాటిలో ఏది స్టెరాల్ వైపు పాత గిన్నె, ఏది చేదు వైపు వంగిన గిన్నె అన్నది వంశవృక్షం గీసి తేల్చడానికి ప్రయత్నించండి. మీ డిగ్రీ ప్రాజెక్టుకి అది చాలు.

రెండోది చెట్టు దగ్గర పని. 2021 చివర్లో మాడని వేప మీ ఊళ్ళో ఏదో పెద్దవాళ్ళని అడగండి, వాళ్ళకి తప్పకుండా గుర్తుంటుంది. దానికి ఒక అంకె ఇచ్చి, చోటు, కాండం చుట్టుకొలత, చిగుర్చే నెల నోట్‌బుక్కులో రాసుకోండి. చిగుళ్ళు నాలుగు సిలికాజెల్ పొట్లంలో వేసి ఆరబెట్టండి, డీఎన్‌ఏ ఏళ్ళు నిలుస్తుంది. తొలకరికి దాని పండ్లు ఏరి, గుజ్జు కడిగేసి, నీడన ఒకరోజు ఆరనిచ్చి, వెంటనే విత్తండి. వేపగింజ మొలకెత్తే శక్తి కొన్ని వారాల్లోనే పోతుంది, డబ్బాలో దాచి వచ్చే ఏడాదికి వేద్దామంటే ఒక్కటీ రాదు. ఇరవై మొక్కలు లేస్తే అవి ఇరవై వేర్వేరు జన్యుక్రమాలు. వాటిని పక్కపక్కన కాకుండా ఊరి నాలుగు దిక్కులా పెట్టండి, ఏ మొక్క ఏ చెట్టు బిడ్డో మాత్రం మర్చిపోకుండా అదే నోట్‌బుక్కులో రాయండి. సిలికాజెల్ దొరక్కపోతే ఇక్కడే అడగండి, ఏ ల్యాబులో ఇస్తారో, ఎంత మోతాదు వాడాలో చెబుతాను.